డిగ్రీ చేతికి వచ్చాక బస్తీలో సాయంత్రం బడి నడపడం ఎలా?

ఒక తరహా పాఠకులను మనసులో పెట్టుకుని ఇది రాస్తున్నాను. మీరు హైదరాబాదులో, బహుశా బోరబండలోనో అడ్డగుట్టలోనో అంబర్‌పేటలోనో పెరిగారు. మీ ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటి మనిషి మీరే. నడుమ ఒకటి రెండు పేపర్లు తప్పి మళ్లీ రాశారు. ఫీజు గడువు దగ్గర పడుతుంటే నాలుగు ఇళ్లు తిరిగి డబ్బు సర్దుకున్నారు. ఇప్పుడు ఉద్యోగ ప్రకటన కోసం చదువుకుంటున్నారు. మీ వీధిలో పదో తరగతి పిల్లలకు ఏదైనా చేయాలని ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు.

ఈ పనికి మీకంటే తగినవారు దొరకరని నా గట్టి నమ్మకం. ఎప్పుడూ పరీక్ష తప్పని మనిషి లెక్కలు బాగా చెప్పగలరేమో. కానీ తప్పిన పేపరును మళ్లీ ఎలా రాయాలో, ఏ కాగితం కోసం ఏ కార్యాలయానికి వెళ్లాలో, ఒకే గది ఇంట్లో టీవీ మోగుతుండగా ఎలా చదవాలో మీకు తెలిసినంతగా వారికి తెలియదు. బస్తీ పిల్లలకు పాఠంతో పాటు ఈ తెలివిడి కావాలి.

ఈ నగరంలో ఇటువంటి పనికి పెద్ద చరిత్రే ఉంది. 1888లో పుట్టిన దళిత నాయకుడు భాగ్యరెడ్డి వర్మ 1906లో జగన్ మిత్ర మండలి అనే సంఘం స్థాపించేనాటికి ఆయన వయసు పద్దెనిమిదేళ్లు. ఆ తరువాత దళిత పిల్లల కోసం హైదరాబాదు బస్తీల్లో ఆయన బడులు పెట్టించారు. అప్పట్లో ప్రభుత్వ సాయం కోసం ఎదురుచూసి ఉంటే ఆ పిల్లల చేతికి పలక అందేది కాదు.

ముందు మీ వేళలు తేల్చుకోండి

వారానికి మూడు రోజులు, రోజుకు గంటన్నర. మొదటి ఏడాది ఇంతకు మించి ఒప్పుకోకండి. ఉత్సాహంలో వారమంతా వస్తామని చెప్పి, దసరా నాటికి కనిపించకుండా పోయినవారిని బస్తీ చాలామందిని చూసింది. వచ్చారు, పలకలు పంచారు, ఫొటోలు తీసుకున్నారు, వెళ్లిపోయారు. అందుకే పిల్లలు మొదటి నెల మిమ్మల్ని పూర్తిగా నమ్మరు. వాన పడినా, తొలిరోజు పదిమంది వచ్చి మరునాడు ఇద్దరే వచ్చినా, చెప్పిన రోజున చెప్పిన వేళకు తలుపు తీసి ఉండాలి. మీరు ఇవ్వగలిగిన వాటిలో అన్నింటికంటే విలువైనది ఇదే.

మీ చదువును పణంగా పెట్టి ఈ పని చేయవద్దు. ఉదయం నుంచి మధ్యాహ్నం వరకు మీ సొంత చదువు సాగాలి. చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయంలోనో, అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయంలోనో కూర్చుంటే మీలాంటి అభ్యర్థులు పక్కనే ఉంటారు, ఇంట్లో కంటే మనసు నిలుస్తుంది. సాయంత్రం పదో తరగతి సాంఘికశాస్త్రం, లెక్కలు చెప్పడం వల్ల పోటీ పరీక్షల చరిత్ర, రాజ్యాంగం, అంకగణితం మళ్లీ మళ్లీ తిరగేసినట్టవుతుంది. ఎదుటివారికి చెప్పిన పాఠం అంత తేలిగ్గా మరుపుకు రాదు. ఇంకా బ్యాక్‌లాగ్ ఉన్నవారైతే ముందు ఆ పరీక్ష ఫీజు గడువు చూసుకోండి. పరీక్షకు నెల ముందు బడి బాధ్యత తోటివారికి అప్పగించండి.

తోటివారు తప్పనిసరి. ఒంటరిగా మొదలుపెట్టకండి. ఒకరు లెక్కలు, సైన్సు చూస్తే మరొకరు భాషలు, సాంఘికం చూడాలి. జాతీయ సేవా పథకంలో పనిచేసిన మీ కాలేజీ మిత్రులను ముందు అడగండి. 1969 సెప్టెంబరు 24న మొదలైన ఆ పథకంలో విద్యార్థి రెండేళ్లలో 240 గంటల సేవ చేయాలి. ఆ అలవాటు ఉన్నవారు త్వరగా కలిసివస్తారు. ఇప్పుడు చదువుతున్న విద్యార్థులు తోడు కావాలంటే మీ పాత కాలేజీలోని కార్యక్రమ అధికారిని కలవండి. వేరే ప్రాంతంలో ఉన్న స్నేహితురాలు బస్సు ఛార్జీల గురించి వెనకాడనక్కరలేదు. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణ ఆర్టీసీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ సిటీ బస్సుల్లో రాష్ట్ర మహిళలకు ప్రయాణం ఉచితం.

చెప్పడానికి ముందు అడగండి

నల్లబల్ల కొనడానికి ముందు రెండు వారాలు బస్తీలో తిరగండి. ప్రభుత్వ ఉన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయులను కలిసి, పిల్లలు ఎక్కువగా ఏ సబ్జెక్టులో వెనకబడుతున్నారో అడగండి. బడికి పోటీగా వస్తున్నారన్న అనుమానం వారికి రానివ్వకండి, వారి సలహా మేరకే నడుస్తామని చెప్పండి. అంగన్‌వాడీ టీచరుకు ప్రతి ఇల్లూ తెలుసు. ఎవరి పిల్లలు బడి మానేశారో ఆమె చెప్పినంత కచ్చితంగా ఏ జాబితా చెప్పదు. బస్తీ కమిటీ పెద్దలను, మహిళా పొదుపు సంఘం నాయకురాలిని, గుడి, మసీదు, చర్చి పెద్దలను కూడా కలవండి. వీరిలో ఎవరినైనా వదిలేస్తే ఆరు నెలల తరువాత ఏదో ఒక చిన్న మాటకు బడి ఆగిపోయే పరిస్థితి వస్తుంది.

తల్లులతో మాట్లాడేటప్పుడు ఏ వేళ వీలవుతుందో అడగండి. నల్లా నీళ్లు వచ్చే సాయంత్రం ఆడపిల్లలు బిందెల దగ్గరే ఉంటారు. ఆ రోజు పాఠం పెడితే మగపిల్లలే వస్తారు, అమ్మాయిలు రావడం లేదని మీరు బాధపడతారు. రంజాన్ నెలలో ఇఫ్తార్ వేళకు ముందే ముగించాలి. బోనాల ఆదివారం, వినాయక నిమజ్జనం రోజు పాఠం పెట్టుకోకపోవడమే మంచిది. ఈ రోజులన్నీ ముందే గుర్తుపెట్టి ఏడాది క్యాలెండరు గోడకు అతికించండి. ఉత్తరాంధ్ర నుంచో పాలమూరు నుంచో ఒడిశా నుంచో పనికి వచ్చిన కుటుంబాల పిల్లలు పండుగలకు సొంత ఊరు వెళ్లి ఆలస్యంగా తిరిగివస్తారు. వారి పేర్లు కొట్టేయకండి.

చోటు

పెద్ద భవనం అక్కరలేదు. తెలుగు చదువుకు ఈ నగరంలో ఆలంబనగా నిలిచిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం అనే గ్రంథాలయం 1901లో రావిచెట్టు రంగారావు గారి ఇంట్లోనే మొదలైంది. కమ్యూనిటీ హాలు ఉంటే మున్సిపల్ వార్డు కార్యాలయంలో, బస్తీ కమిటీలో అడిగి అనుమతి కాగితం రూపంలో తీసుకోండి. నోటిమాటగా ఇచ్చిన హాలును పెళ్లిళ్ల కాలంలో ఖాళీ చేయమంటారు. బడి గదే దొరికితే అంతకంటే మంచిది లేదు. వెలుతురు, మరుగుదొడ్డి, తాగునీరు ఉన్నాయో లేదో చూడండి. మరుగుదొడ్డి లేని చోటికి ఎనిమిది, తొమ్మిది తరగతుల అమ్మాయిలు రెండు వారాలకు మించి రారు, కారణం కూడా మీకు చెప్పరు.

పిల్లల భద్రత విషయంలో మొహమాటం పనికిరాదు. తలుపు మూసిన గదిలో ఒక్క పిల్లతోనో పిల్లవాడితోనో ఏ పెద్దవారూ ఉండకూడదు. ఎప్పుడూ ఇద్దరు పెద్దలు ఉండాలి, వారిలో ఒకరు మహిళ కావాలి. చీకటి పడకముందే చిన్నపిల్లలను పంపేయండి, ఒకే వైపు వెళ్లేవారిని జట్టుగా కలపండి. కొత్తగా పాఠం చెప్పడానికి వచ్చేవారు ఎంత చదువుకున్నవారైనా మీలో ఒకరు పక్కన ఉండగానే చెప్పాలి. లైంగిక వేధింపుల గురించి ఏ పిల్లయినా నోరు విప్పితే సర్దిచెప్పి పంపకండి. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం ఆ సంగతి తెలిసినవారు పోలీసులకు చెప్పి తీరాలి. పిల్లల సహాయానికి 1098 నంబరు ఉంది. గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి.

మొదటి నెల: పాఠం మొదలుపెట్టకండి

ఎక్కువమంది తడబడేది ఇక్కడే. పదో తరగతి పిల్లలు కదా అని మొదటి రోజే వర్గ సమీకరణాలు మొదలుపెడతారు. ఎదురుగా కూర్చున్న పిల్లవాడికి భాగహారం రాదని మూడో నెలలో బయటపడుతుంది. అప్పటిదాకా వాడు తలూపుతూనే ఉంటాడు. తనకు రాదని తోటివారి ముందు చెప్పుకోవడం పద్నాలుగేళ్ల వయసులో ఎంత కష్టమో మీకు గుర్తుండే ఉంటుంది.

కాబట్టి మొదట ఒక్కొక్కరినీ విడిగా, గది మూలన అందరికీ కనిపించేచోటే కూర్చోబెట్టి చూడండి. మూడో తరగతి తెలుగు పుస్తకంలోని ఒక పేరా చదివించండి. ఇంగ్లీషులో నాలుగు చిన్న వాక్యాలు ఇవ్వండి. ఒక అప్పు తీసుకునే తీసివేత, ఒక భాగహారం, రెండు భిన్నాల కూడిక, ఒక రుణసంఖ్యల లెక్క చేయించండి. ఇరవై నిమిషాల్లో అసలు సంగతి తెలిసిపోతుంది. దానిని బట్టి మూడు గుంపులు చేయండి. తరగతి ఏదైనా, రాని అంశం ఒకటే అయినవారు ఒకచోట కూర్చోవాలి. తొమ్మిదో తరగతి అబ్బాయిని ఆరో తరగతి పిల్లల మధ్య కూర్చోబెట్టడం ఇబ్బందిగా అనిపిస్తే, చిన్నవారికి కూడికలు చెప్పే పని అతనికే ఇవ్వండి. చెబుతూ తనూ నేర్చుకుంటాడు, తల దించుకోవలసిన అవసరం రాదు.

మాధ్యమం మార్పు మరో ముడి. 2022-23 నుంచి ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మాధ్యమం దశలవారీగా వచ్చింది. పాఠ్యపుస్తకాల్లో ఒక పుటలో ఇంగ్లీషు, ఎదుటి పుటలో తెలుగు అచ్చయ్యాయి. ఈ పుస్తకాలు మీకు గొప్ప సాధనం. ముందు తెలుగు పుట చదివించి, పిల్లల మాటల్లో చెప్పించి, ఆ తరువాత ఎదుటి పుటలో అదే వాక్యం వెతికించండి. సైన్సులో ఇంగ్లీషు పదాల పట్టిక ప్రతి పాఠానికీ పిల్లల చేతే రాయించండి. ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లలకు మీకు వచ్చిన హైదరాబాదీ ఉర్దూలోనే వివరించండి. లంబాడీ, మరాఠీ మాట్లాడే పిల్లలుంటే వారి భాష తెలిసిన పెద్ద పిల్లను పక్కన కూర్చోబెట్టండి.

పదో తరగతిలో ఒక్కో సబ్జెక్టు పాసవడానికి నూటికి 35 మార్కులు కావాలి, రెండో భాషగా హిందీ రాసేవారికి 20 చాలు. బాగా వెనకబడిన పిల్లలకు పుస్తకమంతా చెప్పాలని పట్టుదలకు పోకండి. గణితంలో పాత తరగతుల పునాది మీద అంతగా ఆధారపడని అధ్యాయాలతో మొదలుపెట్టండి: సమితులు, సాంఖ్యకశాస్త్రం, సంభావ్యత, నిరూపక జ్యామితి. ఒక అధ్యాయంలో లెక్క సొంతంగా వచ్చిన రోజు పిల్లల ముఖం మారుతుంది. ఆ ధైర్యంతో త్రికోణమితికి, శ్రేఢులకు వెళ్లవచ్చు. బాగా చదివే పిల్లలను మాత్రం 35 దగ్గర ఆపకండి, వారికి పుస్తకం మొత్తం కావాలి.

రోజువారీ గంటన్నరను ఇలా వాడండి. మొదటి పావుగంట గట్టిగా చదవడం. తరువాత నలభై నిమిషాలు గుంపులవారీగా పాఠం. మిగిలిన సమయం రాయడం. రాయడాన్ని ఎన్నడూ ఎగ్గొట్టకండి, తెలిసిన జవాబును కాగితం మీద పెట్టలేకనే చాలామంది తప్పుతారు. మీకు రాని పాఠాలకు టీ-శాట్ విద్య ఛానల్ పాఠాలు ఉన్నాయి, ఫోనులో చూపించవచ్చు. అదనపు పుస్తకాల కోసం ఆదివారం ఆబిడ్స్ పేవ్‌మెంట్ మీద, మిగతా రోజుల్లో కోఠిలో పాత పుస్తకాల దుకాణాల్లో వెతకండి. పాత ప్రశ్నపత్రాల పుస్తకాలు చవకగా దొరుకుతాయి, కానీ పాఠ్యక్రమం మారిందో లేదో చూసి కొనండి.

బడి మానేసినవారు

మీ బడికి వచ్చేవారి కంటే రానివారి గురించే ఎక్కువ ఆలోచించాలి. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం ప్రకారం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలను, నడుమ మానేసినా, వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలి. వారికి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. టీసీ ఆలస్యమైందని ప్రభుత్వ బడి చేర్చుకోవడం వాయిదా వేయకూడదు. వయసు రుజువు లేదన్న కారణంతో కూడా ప్రవేశం నిరాకరించకూడదు. ఫీజు బాకీ ఉందని ప్రైవేటు బడి టీసీ ఆపేస్తే పిల్ల ఏడాదంతా ఇంట్లో కూర్చుంటుంది, తల్లిదండ్రులు అదే రాత అనుకుంటారు. మీరు వారితో పాటు సర్కారు బడికి వెళ్లి, చట్టంలోని ఈ మాటను మర్యాదగా, గట్టిగా చెప్పండి. పెద్ద గొంతు అక్కరలేదు, చేతిలో రాసిన దరఖాస్తు, దాని మీద ముట్టినట్టు సంతకం చాలు. మధ్యలో చదువు ఆగిపోయిన ఆడపిల్లల కోసం కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు ఉన్నాయి.

పద్నాలుగు దాటినవారికి తెలంగాణ ఓపెన్ స్కూల్ సొసైటీ ద్వారా పదో తరగతి రాసే వీలుంది. పద్నాలుగేళ్లు నిండితే చాలు. పదోతరగతి పాసై పదిహేనేళ్లు నిండితే ఇంటర్‌లో చేరవచ్చు. జాతీయ సార్వత్రిక విద్యాలయ సంస్థలోనైతే ఐదేళ్లలో తొమ్మిదిసార్లు పరీక్ష రాసే అవకాశం ఉంటుంది, ఒక్కో సబ్జెక్టు చొప్పున పూర్తిచేసుకోవచ్చు. మెకానిక్ షెడ్డుకు వెళ్లే అబ్బాయికి, పెళ్లయి ఇద్దరు పిల్లలున్న అమ్మకు ఇదే సరైన దారి. డిగ్రీ మీద ఆశ ఉన్నవారికి జూబ్లీహిల్స్‌లో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉంది. 1982లో మొదలైన ఈ సంస్థ దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం. కొడుకు పదోతరగతి, అమ్మ ఓపెన్ పదోతరగతి ఒకే గదిలో చదువుకునే ఏర్పాటు చేయండి. ఇద్దరూ మానరు.

పద్నాలుగేళ్లలోపు పిల్లలను పనిలో పెట్టుకోవడాన్ని 2016 సవరణ తరువాత చట్టం నిషేధిస్తోంది. పద్దెనిమిది నిండని అమ్మాయి పెళ్లి మాట వినిపిస్తే ముందు తల్లితో, ఆ తరువాత అంగన్‌వాడీ టీచరుతో మాట్లాడండి. ఆగకపోతే 1098కి ఫోను చేయండి. బస్తీలో మాట వస్తుందేమోనన్న భయం సహజమే. అయినా చేయండి.

కాగితాల పని

పాఠం ఎంత బాగా చెప్పినా కాగితం లేక ఆగిపోయిన చదువులు ఎన్నో. తొమ్మిదో తరగతిలోనే పిల్లల పేరు, ఇంటిపేరు, పుట్టినతేదీ ఆధార్‌లోనూ బడి రిజిస్టరులోనూ ఒకేలా ఉన్నాయేమో చూడండి. పదో తరగతి మెమోలో పడిన పుట్టినతేదీయే జీవితాంతం రుజువు. తప్పు పడ్డాక దిద్దించడం మహా కష్టం. కుల, ఆదాయ ధ్రువీకరణ పత్రాలకు మీ సేవలో ముందుగానే దరఖాస్తు చేయించండి, ప్రవేశాల వేళ అక్కడ రద్దీ ఎక్కువ.

ఎనిమిదో తరగతి పిల్లల చేత జాతీయ ఉపకార వేతన పరీక్ష (ఎన్ఎంఎంఎస్) తప్పక రాయించండి. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల్లో చదివే, కుటుంబ ఆదాయం ఏడాదికి 3.5 లక్షల రూపాయలు మించని పిల్లలు దీనికి అర్హులు. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది వరకు ఏటా 12,000 రూపాయలు బ్యాంకు ఖాతాలో పడతాయి. మానసిక సామర్థ్యంలో 90, పాఠ్యాంశాల్లో 90 ప్రశ్నలు ఉంటాయి. చాలామంది పిల్లలకు ఈ పరీక్ష ఉన్నట్టే తెలియదు. పదో తరగతి వారికి పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్, గురుకుల జూనియర్ కళాశాలలు, బాసర ట్రిపుల్ ఐటీ దరఖాస్తుల తేదీలు గోడ మీద పెట్టండి.

ఫలితాలు వచ్చిన రోజు

పాసైనవారు మీ దగ్గరకు వాళ్లే వస్తారు. తప్పినవారి ఇంటికి ఆ రోజే మీరు వెళ్లండి, మరునాటికి వాయిదా వేయకండి. మీ డిగ్రీ మెమోల్లో ఎఫ్ పడిన కాగితం ఉంటే దానిని వెంట తీసుకెళ్లండి. మళ్లీ రాసి పాసైన మెమోను దాని పక్కన పెట్టి చూపించండి. ఆ రెండు కాగితాలు చేసే పని ఎన్ని ధైర్యవచనాలూ చేయవు. తల్లిదండ్రులను పక్కకు పిలిచి, ఈ వారం కొట్టడం, పక్కింటివారితో పోల్చడం వద్దని చెప్పండి. పిల్ల మరీ ముభావంగా ఉన్నా, బతుకు మీద విరక్తి మాటలు మాట్లాడినా ఒంటరిగా వదలవద్దు. మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ నంబరు 14416కు పగలైనా రాత్రైనా ఫోను చేయవచ్చు. అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ పరీక్షలు వేసవిలోనే వస్తాయి కాబట్టి ఫీజు గడువు తక్కువగా ఉంటుంది. ఆ వారంలోనే ఫీజు కట్టించి, తప్పిన సబ్జెక్టుకే రోజూ రెండు గంటలు కేటాయించండి. పాసైతే అదే ఏడాది ఇంటర్‌లో చేరవచ్చు.

డబ్బు, పేరు, ఫొటోలు

నగదు తీసుకోకండి. ఎవరైనా ఇస్తామంటే నోటు పుస్తకాలు, ఫ్యాను, ట్యూబులైటు అడగండి. సొసైటీ రిజిస్ట్రేషన్‌కు కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. మొదటి ఏడాది దాని జోలికి వెళ్లనక్కరలేదు, ఆ శ్రమ పాఠం మీద పెట్టండి. పిల్లల ముఖాలు కనిపించే ఫొటోలు ఫోనుల్లో పంచకండి. పేదరికాన్ని చూపించి మెప్పు పొందడం ఆ పిల్లలకు అవమానం.

మీకు ఉద్యోగం వచ్చినప్పుడు

వస్తుంది, రావాలి కూడా. అందుకే మొదటి రోజు నుంచే ఒక పెద్ద నోటు పుస్తకం పెట్టండి. ఒక్కో పిల్లకు రెండు పుటలు. చేరిన తేదీ, మొదటి పరీక్షలో ఏం వచ్చింది, ఏం రాలేదు, ఇప్పుడు ఏ పాఠం దగ్గర ఉంది, ఇంట్లో ఎవరితో మాట్లాడాలి, ఏ కాగితం పెండింగులో ఉంది అన్నీ అందులో ఉండాలి. మీ దగ్గర చదివి ఇంటర్, డిగ్రీకి వెళ్లినవారిలో ఇద్దరిని చూసుకుని, మీరు వెళ్లడానికి మూడు నెలల ముందు నుంచే వారంలో ఒక రోజు బడి వారి చేతికి ఇవ్వండి. ప్రధానోపాధ్యాయులకు, బస్తీ కమిటీకి వారిని స్వయంగా పరిచయం చేయండి. హాలు అనుమతి కాగితం వారి పేరు మీద మార్పించండి. మీరు వేరే ఊళ్లో చేరినా మొదటి ఏడాది వారానికోసారి వారికి ఫోను చేసి, ఆ పుస్తకంలో రానివారి పేర్లు చదివించుకుని, ఎవరి ఇంటికి వెళ్లాలో చెప్పండి.